కొత్త వ్యవసాయ అధికారికి మొదటి సీజన్‌లో ఒక సీనియర్‌ను తోడివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

వానాకాలం దగ్గరపడితే చాలు, మీ జిల్లా పేజీల్లో నకిలీ విత్తనాల వార్తలు మొదలవుతాయి. ఫలానా ఊళ్లో ఇన్ని క్వింటాళ్లు పట్టుకున్నారు, టాస్క్‌ఫోర్స్ దాడి, నలుగురి అరెస్టు. ఫొటోలో బస్తాల వెనక పోలీసులు, ఓ చివర చేతిలో ఫైలుతో మండల వ్యవసాయ అధికారి. ఆ కేసు తర్వాత ఏమైందన్న వార్త మాత్రం నేను చదివింది చాలా తక్కువ. ఆ ఫైలు పట్టుకుని నిలబడే ఉద్యోగం నేను ముప్పై ఏళ్ల దాకా చేశాను. రిటైరై ఖమ్మంలో ఉంటున్నాను. ఇప్పుడు మా చెల్లెలి కూతురు అదే ఉద్యోగంలో చేరింది. ఆ పిల్ల రెండు సీజన్ల నుంచి పడుతున్న అవస్థ చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మండల వ్యవసాయ అధికారిని మేం ఏవో అంటాం. ఏవో అంటే రైతుభరోసా, రైతుబీమా జాబితాలు చూసే ఆఫీసరని చాలామంది అనుకుంటారు. చట్టం ప్రకారం ఆ మనిషి ఇన్‌స్పెక్టర్. 1966 విత్తన చట్టం కింద విత్తన ఇన్‌స్పెక్టర్, 1968 పురుగుమందుల చట్టం కింద పురుగుమందుల ఇన్‌స్పెక్టర్, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (ఎఫ్‌సీవో) కింద ఎరువుల ఇన్‌స్పెక్టర్. మూడు కుర్చీలూ ఒక్క మనిషికే. దుకాణంలోకి వెళ్లి గోడౌన్ తెరిపించవచ్చు, రిజిస్టర్లు అడగవచ్చు, శాంపిల్ తీయవచ్చు, అమ్మకం ఆపించవచ్చు, సరుకు సీజ్ చేయవచ్చు. నాలుగేళ్లు బీఎస్సీ అగ్రికల్చర్ చదివి, సర్వీస్ కమిషన్ పరీక్ష గట్టెక్కిన పిల్లకో పిల్లాడికో ఈ అధికారమంతా పోస్టుతో పాటే వచ్చేస్తుంది.

మా అమ్మాయి కష్టపడి చదివింది. 2022 చివర్లో 148 ఏవో పోస్టులకు ప్రకటన వస్తే, ఆ మరుసటి ఏడాది మే ఎండల్లో పరీక్ష రాసింది. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. చేరిన కొత్తలో ఓ రాత్రి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఎఫ్‌సీవో ఏ సంవత్సరం అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. రేపు ఎరువుల శాంపిల్ తీయాలంట. ప్రోబ్ చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి" అంది. ప్రోబ్ అంటే బస్తాలోకి గుచ్చి సరుకు తీసే గొట్టం. మర్నాడు ఆదివారమైతే బాగుండునని కూడా అంది. ఆ గొంతులో టెన్షన్ నాకు బాగా తెలుసు. ఇది ఆ పిల్ల లోపం కాదు. చదువులో చివరి ఏడాది పల్లెల్లో ఉండి రైతు దగ్గర నేర్చుకోవడానికి కొన్ని నెలలు ఇస్తారు. అది మంచి పద్ధతి, ఆ నెలల్లోనే నాక్కూడా పొలం అంటే ఏమిటో తెలిసింది. కానీ దుకాణం, గోడౌన్, కోర్టు చూపించే నెలలు ఆ చదువులో లేవు. ఉద్యోగంలో చేరాక ఇచ్చిన కొద్దిపాటి శిక్షణలో మూడు చట్టాలకూ కలిపి దక్కింది ఒక పూట.

శాంపిల్ అంటే బస్తాలోంచి గుప్పెడు తీయడమేగా అనుకునేవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. ఆ తర్వాతి ఆదివారం అమ్మాయి మా ఇంటికొస్తే, మా పొలానికి తెచ్చిన ఇరవై ఇరవై ఎరువు బస్తా మీదే చూపించాను. ముందు లాట్‌లో, అంటే ఒకే విడత సరుకులో, ఎన్ని బస్తాలున్నాయో లెక్కపెట్టాలి. యాభై బస్తాలుంటే రెండింట్లోంచి, మూడు వందలుంటే నాలుగింట్లోంచి తీయాలి. ఏ బస్తా అన్నది దుకాణదారు చూపించకూడదు, మనకు నచ్చిందీ తీయకూడదు, వరుసలో లెక్క ప్రకారం రావాలి. కుట్టు చూడాలి. ఒకసారి విప్పి మళ్లీ కుట్టిన బస్తాకు పాత సూది రంధ్రాలు కనిపిస్తాయి. బస్తాను పడుకోబెట్టి ప్రోబ్‌ను ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా దించాలి. అలా దించితే పైనున్నదీ, అడుగునున్నదీ, నడిమి సరుకూ అన్నీ వస్తాయి. ప్రోబ్ తడిగా ఉండకూడదు. తుంపర పడుతున్నప్పుడు ఆరుబయట తీయకూడదు. ఎరువు గాలిలో తేమ పీల్చుకుంటే ల్యాబ్‌లో అంకెలే మారిపోతాయి. తీసిందంతా పొడి పాలిథిన్ షీటు మీద పోసి బాగా కలిపి, కుప్ప చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి సుమారు 400 గ్రాముల చొప్పున మూడు సంచులు చేయాలి. శాంపిల్ వివరాలు రాసే జె ఫారం నింపాలి. దాని మీద దుకాణదారు సంతకం ఉండాలి. లక్క సీలు వేయాలి. ఒక సంచి దుకాణదారుకు, ఒకటి ల్యాబ్‌కు, మూడోది పై అధికారి దగ్గర భద్రంగా ఉండాలి. ల్యాబ్‌కు పంపేటప్పుడు కె ఫారం, సీలు నమూనా విడిగా వెళ్లాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా దుకాణదారు వకీలు ఆ ఒక్కదాన్నే పట్టుకుంటాడు. ఎరువులో నత్రజని తక్కువ ఉందా లేదా అన్న ప్రశ్న కోర్టు దాకా కూడా రాదు.

నాకు ఇదంతా ఎవరు నేర్పారంటే, నేను 1989లో చేరినప్పుడు మా పై అధికారి, ఏడీఏ (సహాయ వ్యవసాయ సంచాలకులు) గారు. మొదటి వానాకాలమంతా నన్ను ఒంటరిగా ఏ దుకాణానికీ పంపలేదు. ఆయన స్కూటర్ ముందు, నా మోపెడ్ వెనక. మొదటి నెల నేను చేసిన పనల్లా రిజిస్టర్లు చదవడమే. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న బస్తాలు గోడౌన్‌లో ఉన్నాయా, బిల్లు పుస్తకంలో రాసిన లాట్ నంబరూ సంచి మీది నంబరూ ఒకటేనా, ఎరువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే 'ఓ' ఫారం ఏ కంపెనీ ఇచ్చింది, దాని గడువు ఉందా, పురుగుమందులకు కంపెనీ ఇచ్చే ప్రిన్సిపల్ సర్టిఫికెట్ (పీసీ) ఉందా. రెండో నెల నుంచి శాంపిల్. పంచనామా ఆఫీసుకొచ్చి తీరిగ్గా రాస్తానంటే ఒప్పుకునేవారు కాదు. దుకాణంలోనే, సరుకు ముందరే, సాక్షుల ముందే రాయించేవారు. అక్షరం అక్షరం చదివి, కొట్టివేతల పక్కన పొట్టి సంతకం ఉందో లేదో చూసేవారు. ఆ ఒక్క సీజనే నన్ను మిగతా సర్వీసంతా నిలబెట్టింది.

ఆ విలువ నాకు 1997-98లో తెలిసింది. అప్పుడు నేను వరంగల్ జిల్లాలో పని చేస్తున్నాను. పత్తి మీద పొగాకు లద్దెపురుగు పడి చేలకు చేలు తినేసిన ఏడాది అది. రైతులు మందు మీద మందు కొట్టారు, పురుగు చావలేదు. పురుగు మందులకు అలవాటు పడటం ఒక కారణం. మందుల్లో కల్తీ మరో కారణం. ఎందరో రైతులు పురుగు చావని ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఓ ఇంటికి వెళితే గోడ గూట్లో ఖాళీ డబ్బాలు వరుసగా పేర్చి ఉన్నాయి. క్వినాల్‌ఫాస్, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. బిల్లు ఉందా అని అడిగితే ఆ ఇంటి పెద్దాయన, "బిల్లు ఏడిదమ్మా, ఉద్దెర తెచ్చినం గదా" అన్నాడు. ఆ మాట ఈ ఉద్యోగంలోకి వచ్చే ప్రతివాళ్లూ వినాలి. మందు అమ్మేవాడూ అతనే, అప్పు ఇచ్చేవాడూ అతనే, పంట కొనేవాడూ చాలాచోట్ల అతనే. అలాంటి దుకాణం మీద రైతు వచ్చి ఫిర్యాదు చేస్తాడని ఆఫీసులో కూర్చుంటే జీవితకాలం కూర్చోవాలి. ఇన్‌స్పెక్టరే వెళ్లాలి. పంట వేయకముందే వెళ్లాలి.

ఇక కేసుల సంగతి. పురుగుమందు శాంపిల్ ఫెయిలైతే, ఆ రిపోర్టు అందుకున్న వ్యాపారి 28 రోజుల్లోగా దాన్ని సవాలు చేయవచ్చు. అప్పుడు మన దగ్గర దాచిన శాంపిల్ ఫరీదాబాద్‌లోని కేంద్ర ప్రయోగశాలకు వెళ్తుంది. అది అతని హక్కు, ఉండాల్సిందే. అయితే మందుకు గడువు తేదీ ఉంటుంది. ఏవో ఫైలు, పై ఆఫీసు అనుమతి, ప్రాసిక్యూషన్ ఉత్తర్వు, ఇవన్నీ తిరిగి కోర్టుకు చేరేలోగా ఆ తేదీ దాటిపోతే, రెండోసారి పరీక్ష చేయించుకునే అవకాశం నాకు లేకుండా చేశారని నిందితుడు అంటాడు. ఆ మాటతో కొట్టివేసిన కేసులు దేశంలో అనేకం. కొత్తగా చేరిన ఏవోకు డబ్బా మీద ముందు చూడాల్సింది గడువు తేదీ అనీ, నెలలో గడువు అయిపోయే సరుకు శాంపిల్ తీస్తే ఫైలు పరుగెత్తించాలనీ ఎవరు చెప్తారు? పాఠ్యపుస్తకంలో ఆ సెక్షన్ ఉంటుంది. ఈ తొందర ఉండదు.

విత్తనం ఇంకా సున్నితం. వరికి మొలక శాతం 80 ఉండాలి, సోయాకు 70. మూడు శాంపిళ్లలో ఒకటి ఇన్‌స్పెక్టరే దాచాలి, కోర్టు అడిగితే అదే కేంద్ర విత్తన ప్రయోగశాలకు పోవాలి. విత్తనం ప్రాణమున్న వస్తువు. వేడికి, తేమకు దాని మొలక శక్తి తగ్గిపోతుంది. మా అమ్మాయి ఆఫీసు ఓ పాత భవనంలో ఒక గది. ఒక ఇనుప బీరువా, దాని మీద రేకుల కప్పు. మే నెలలో ఆ బీరువా మీద చెయ్యి పెట్టలేం. 2025 జూన్‌లో తీసిన వరి విత్తన శాంపిల్ ల్యాబ్‌లో ఫెయిలయింది. పిల్ల సంతోషంగా, పకడ్బందీగా ఫైలు కట్టింది. దాచిన సంచి కోసం బీరువా తెరిస్తే ఎలుకలు అడుగు నుంచి కొరికి గింజలు ఖాళీ చేశాయి. సీలు మాత్రం చెక్కుచెదరలేదు. "పెద్దమ్మా, నేనేం చెయ్యాల్సింది?" అని ఏడ్చింది. శాంపిళ్లకు ఒక చల్లటి గది, ఒక రేకు డబ్బా ఇవ్వని వ్యవస్థకు వేయాల్సిన ప్రశ్న అది, ఆ పిల్ల తనను తాను వేసుకోవాల్సింది కాదు.

ఆ ఆగస్టులో యూరియా కోసం రాష్ట్రమంతా లైన్లు కట్టింది మీ పత్రికలోనే చూశాం. తెల్లవారుజామున చెప్పులు, పట్టా పాస్‌బుక్కులు వరుసలో పెట్టి రైతులు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు నిలబడ్డారు. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు, దానికోసం రోజంతా. అక్కడ టోకెన్లు రాసింది ఎవరు? ఏవోలు, వాళ్ల కింద పనిచేసే ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు). మా అమ్మాయి ఆ నెల అంతా సొసైటీ గుమ్మం దగ్గరే ఉంది. సరిగ్గా ఆ నెలలోనే పత్తికి, మిర్చికి మందులు ఎక్కువగా అమ్ముడవుతాయి. బయో పేరుతో లేబుల్ సరిగా లేని సీసాలు దుకాణాల్లోకి దిగేది కూడా అప్పుడే. ఆ సీసాల వైపు చూడటానికి మండలంలో మరో మనిషి లేడు. అంతకుముందు ఏడాది అదే రోజుల్లో రుణమాఫీ దరఖాస్తులు. పంటల నమోదు, ఈకేవైసీ, రైతుబీమా క్లెయిమ్, వీడియో కాన్ఫరెన్స్ ఎలాగూ ఉన్నవే. ఇవి అక్కర్లేదని నేననను. రైతు చనిపోయిన ఇంటికి బీమా డబ్బు వేళకు చేరడం కంటే పెద్ద పని ఏముంది. కానీ ఇన్‌స్పెక్షన్‌కు ఎవరూ రోజు కేటాయించరు. నెలాఖరుకు శాంపిళ్ల టార్గెట్ మాత్రం అడుగుతారు. అప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. రోడ్డు పక్కన సులువుగా దొరికే దుకాణంలో, పేరున్న కంపెనీ సరుకు, పాస్ అవుతుందని తెలిసిందే, గబగబా తీసి పంపేస్తారు. అంకె పూర్తవుతుంది. లోపలి ఊళ్లో, కిరాణా కొట్టు వెనక గదిలో లూజు పత్తి గింజలు అమ్మేవాడి గడప ఎవరూ తొక్కరు.

ఆ లూజు గింజల గురించి కూడా ఒక మాట. కలుపు మందు తట్టుకునే పత్తి అని, బీజీ-3 అని చెప్పి ఊళ్లలో అమ్ముతున్నదానికి దేశంలో అనుమతి లేదు. దానికి బిల్లు ఉండదు, లేబుల్ ఉండదు, పంట పోతే అడగడానికి మనిషి ఉండడు. కూలీలు దొరకని రైతు దాన్ని ఎందుకు కొంటున్నాడో నాకు అర్థమవుతుంది, అతని మీద నాకు కోపం లేదు. అమ్మేవాడిని పట్టుకోవాలంటే ఇన్‌స్పెక్టర్‌కు ఊరు తెలియాలి. ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు దించుతారో చెప్పే నమ్మకస్తులు ఉండాలి. అది చేరిన మొదటి నెలలో రాదు. అదే మండలంలో ఎన్నో ఏళ్లు తిరిగిన సీనియర్ వెంట నడిస్తే వస్తుంది.

శిక్ష సంగతి చూడండి. 1966 చట్టం ప్రకారం నాసిరకం విత్తనం అమ్మితే మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకా. 2025లో అనుమతి ఉన్న బీజీ-2 రకం పత్తి విత్తన ప్యాకెట్ ఒక్కదాని ధరే 901 రూపాయలు. పోలీసులు మోసం సెక్షన్లు, ముందస్తుగా నిర్బంధించే పీడీ యాక్టు పెడుతున్నది అందుకే. 2025 నవంబరులో కేంద్రం కొత్త విత్తన బిల్లు ముసాయిదా బయట పెట్టింది, అందులో జరిమానాలు లక్షల్లోకి వెళ్లాయి. మంచిదే. అయితే లక్షల జరిమానా పడుతుందంటే అవతలి పక్కన నిలబడే వకీలు కూడా ఆ స్థాయివాడే వస్తాడు. ఇవాళ 500 రూపాయల కేసులోనే పంచనామాలో తేదీ దిద్దినందుకు తడబడుతున్న కొత్త ఏవో, రేపు ఆ బోనులో ఎలా నిలబడాలి?

రైతుకు ఇంకో దారి ఉంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, నష్టపరిహారం అడగవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఉమ్మడి రాష్ట్రపు రైతుల కేసే. విత్తనాన్ని మొత్తం చేలో వేసేసిన రైతు పరీక్షకు గింజలు దాచి ఉంచలేదని తప్పు పట్టడం కుదరదని కూడా ఆ తీర్పులో ఉంది. అక్కడ రైతు చేతిలో బలమైన కాగితం, చేను చూసి వ్యవసాయ అధికారి, శాస్త్రవేత్త కలిసి రాసిన నివేదికే. ఓసారి మిర్చి చేలో కాయ రకరకాలుగా కాసిందని ఒకాయన వస్తే, నేను మొదట అడిగింది ఖాళీ ప్యాకెట్. భార్య దాన్ని పసుపు కట్టుకోవడానికి వాడుతోంది. కడిగి ఆరబెట్టి తెచ్చింది, లాట్ నంబరు చెరగలేదు. ఆ నంబరుతోనే నివేదిక రాయగలిగాను. ప్యాకెట్ అడగాలని, ఏ మడిలో ఎన్ని మొక్కలు లెక్కపెట్టాలో, పక్క రైతు చేను కూడా ఎందుకు చూడాలో కొత్తవాళ్లకు చూపించే మనిషి కావాలి.

పురుగుమందుల దుకాణం నడిపేవాళ్లకు వ్యవసాయ డిగ్రీ లేకపోతే 48 వారాల డిప్లొమా చేయిస్తున్నారు. హైదరాబాద్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ 2003 నుంచి ఆ కోర్సు నడిపిస్తోంది, నేను కూడా ఒకటి రెండు తరగతులు చెప్పాను. బాగా నడుస్తుంది. అమ్మేవాడికి ఏడాది పాటు చెప్పే దేశంలో, ఆ అమ్మకాన్ని తనిఖీ చేసేవాళ్లకు ఒక్క సీజన్ ఇవ్వలేమా?

అందుకని వ్యవసాయ శాఖ పెద్దలను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. కొత్తగా చేరిన ఏవోను మొదటి వానాకాలం ఒక అనుభవమున్న ఏడీఏ లేదా సీనియర్ ఏవో వెంట తిప్పండి. ఆ సీజన్‌లో తీసిన శాంపిళ్ల మీద ఇద్దరి సంతకాలూ ఉండనివ్వండి. జూన్ నుంచి ఆగస్టు దాకా వారంలో రెండు రోజులు మీటింగులు, యాప్‌లు, జాబితాలు లేకుండా ఇన్‌స్పెక్షన్‌కే వదిలేయండి. ప్రతి మండలానికీ మంచి ప్రోబ్, లక్క, సంచులు, శాంపిళ్లు దాచడానికి ఎలుకలు దూరని చల్లటి చోటు ఇవ్వండి. ఇవాళ లక్క కూడా జీతంలోంచి కొనుక్కునే పిల్లలున్నారు. కేసు నడిచే జిల్లా కోర్టులో ఒక రోజంతా కూర్చోబెట్టి, క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా ఉంటుందో చూపించండి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఇప్పుడు బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతూ ఈ పోస్టు మీద కన్నేసిన పిల్లలకు కూడా చెప్తున్నాను. రండి, ఇది గొప్ప ఉద్యోగం. చేరిన మొదటి నెలలో మీ మండలంలోని ప్రతి విత్తన, ఎరువుల, మందుల దుకాణానికీ ఒకసారి వెళ్లండి. బెదిరించడానికి కాదు. లైసెన్సు ఎక్కడ తగిలించారో, ధరల బోర్డు ఉందో లేదో చూసి, రిజిస్టర్ చదివి, పేరు పేరునా పలకరించి రండి. టీ ఇస్తే వద్దనండి, మంచినీళ్లు తాగండి. నిజాయితీగా వ్యాపారం చేసే దుకాణదారులు చాలామందే ఉన్నారు, దొంగ సరుకు ఎక్కడ దిగిందో మీకు ముందు చెప్పేది వాళ్లే. మీరు ఫలానా చోట సరుకు ఆపించగానే ఫోన్ వస్తుంది, మనవాడే వదిలేయమని. మర్యాదగా వినండి, అప్పటికే జె ఫారం మీద సంతకాలు అయిపోయాయని చెప్పండి. అందుకే ఆ సంతకాలు ముందే అయిపోవాలి.

ఖమ్మం, సూర్యాపేట, మహబూబాబాద్ చుట్టుపక్కల మండలాల్లో కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా సరే, శాంపిల్ తీయడం, పంచనామా రాయడం దగ్గరుండి నేర్పమంటే నేను వస్తాను. బస్సు ఖర్చులు కూడా అక్కర్లేదు. నాలాంటి రిటైరైనవాళ్లు ప్రతి జిల్లాలో నలుగురైదుగురు ఉంటారు. శాఖ ఒక్క ఉత్తరం రాస్తే కాదనేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. మే నెల దాటితే దుకాణాల్లో సరుకు దిగిపోతుంది కాబట్టి ఆ ఉత్తరం ఈ నెలలోనే రావాలి.

మా అమ్మాయి ఉద్యోగంలో ఉంది కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయ అధికారిణి,
ఖమ్మం.